గడ్డలోని గానుగ: పెద్దపేగు క్యాన్సర్‌కు కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న ఆసుపత్రుల్లో కానీ, చిత్తూరు వాళ్లు బస్సెక్కి వెళ్లే వేలూరు సీఎంసీలో కానీ పెద్దపేగు క్యాన్సర్ అని తేలాక, మొదటి మార్పు వంటింట్లో కనిపిస్తుంది. నెయ్యి ఆగిపోతుంది. పాలు ఆగిపోతాయి. చెనిక్కాయల ఊరిబిండి రోగి పళ్లెంలోకి రాదు. ‘కొవ్వు తింటే గడ్డ పెరుగుతుందంట’ అని ఎవరో చెప్పి ఉంటారు. ఇంకొకరు దీనికి పూర్తిగా ఎదురుమాట చెబుతారు: అన్నం, సంగటి మానేసి కొవ్వే తినాలి, చక్కెర అందకపోతే క్యాన్సర్ ఎండిపోతుంది అని. ఫోన్‌లో రెండు రకాల వీడియోలూ దొరుకుతాయి. ఈ లోపు రోగి బరువు తగ్గిపోతుంటాడు.

రెండు మాటల్లోనూ శాస్త్రం నుంచి తెచ్చుకున్న ముక్క ఒకటి ఉంది. కానీ దాన్ని అతికించిన చోటు తప్పు. పళ్లెంలోని కొవ్వు వేరు, గడ్డ వాడుకునే కొవ్వు వేరు. ఒకదానికీ మరొకదానికీ సంబంధం ఉంది కానీ అది చాలా మలుపులు తిరిగిన దారి. ఆ మలుపులు తెలిస్తే రోగికి ఏం పెట్టాలన్న టెన్షన్ సగం తగ్గుతుంది. కొత్త మందుల గురించి వచ్చే వార్తలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా అర్థమవుతుంది.

ఒక కణం రెండుగా విడిపోవాలంటే దాని చుట్టూ ఉండే పొర ముందుగా పెరగాలి. ఆ పొర తయారీకి ముఖ్యమైన సరుకు కొవ్వు. లోపల కేంద్రకం చుట్టూ, కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియా చుట్టూ ఉన్న పొరలకూ అదే కావాలి. పెద్దపేగు లోపలి పొర ఆరోగ్యవంతుల్లోనే కొద్ది రోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది. అంటే కణాలు విడిపోవడం అక్కడ రోజూ జరిగే పనే. క్యాన్సర్‌లో ఆ పనికి పగ్గం తెగుతుంది. కణాలు ఆగకుండా విడిపోతుంటే కొవ్వు అవసరమూ ఆగకుండా పెరుగుతుంది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఒకప్పుడు ఇంటికి నూనె రెండు దారుల్లో వచ్చేది. అంగట్లో కొనుక్కోవాలి, లేదంటే చేలో పండిన చెనిక్కాయలను గానుగ ఆడించి తెచ్చుకోవాలి. శరీరంలోని కణాలకూ ఈ రెండు దారులే ఉన్నాయి. పెద్దవాళ్లలో చాలా కణాలు మొదటి దారినే వాడతాయి, రక్తంలో తిరిగే కొవ్వును తీసుకుంటాయి. సొంతంగా కొవ్వు తయారు చేసేవి కొన్నే: కాలేయం, కొవ్వు కణజాలం, పాలిచ్చే తల్లి రొమ్ము. క్యాన్సర్ కణం అలా కాదు. దానికి చుట్టూ కొవ్వు దొరుకుతున్నా లోపల సొంత గానుగ పెట్టుకుంటుంది. ఈ విషయాన్ని 1953లోనే అమెరికాలో గ్రేస్ మెడెస్, ఆమె సహచరులు గడ్డల ముక్కలపై చేసిన ప్రయోగాల్లో గమనించారు. అప్పటికి అందరి దృష్టీ జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలో చెప్పిన మాట మీదే ఉంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయని, ఆక్సిజన్ ఉన్నా పూర్తిగా మండించవని ఆయన చూపించారు. మరి అంత గ్లూకోజ్ ఏమవుతోంది? అందులో కొంత భాగం కొవ్వుగా మారుతోంది.

ఆ మార్పు ఇలా జరుగుతుంది. గ్లూకోజ్ విరిగి మైటోకాండ్రియాలోకి వెళ్లి సిట్రేట్ అవుతుంది. సిట్రేట్ బయటికి వచ్చి తెగి, రెండు కార్బన్లున్న చిన్న ముక్కను ఇస్తుంది. అలాంటి ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి అతికించేది ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్. ఏడు చుట్లు తిరిగేసరికి 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం తయారవుతుంది. గానుగ అన్న పోలిక ఈ ఎంజైమ్‌కు బాగానే సరిపోతుంది, ఎందుకంటే ఇది నిజంగానే చుట్లు తిరుగుతూ పనిచేస్తుంది. తయారైన పామిటిక్ ఆమ్లంలో కొంత మరో ఎంజైమ్ చేతిలో ఒలియిక్ ఆమ్లం లాంటి మెత్తటి కొవ్వుగా మారుతుంది. అక్కడి నుంచి కొంత పొరలకు, కొంత నిల్వకు పోతుంది.

ముడిసరుకు గ్లూకోజ్ కనుక, నెయ్యి మానేసినంత మాత్రాన ఈ గానుగ ఆగదు. అన్నం, సంగటి మానేసినా ఆగదు. తిండిలో పిండి పదార్థం లేకపోతే కాలేయం ప్రోటీన్ నుంచి కూడా గ్లూకోజ్ తయారు చేసి రక్తంలో దాని స్థాయి పడిపోకుండా చూస్తుంది. ఆకలికి రోగి కండ కూడా అరిగిపోతుంది.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఈ గానుగ ఎందుకు ఇంత జోరుగా తిరుగుతుందన్న దానికి జన్యువుల్లో సమాధానం ఉంది. ఈ క్యాన్సర్లలో సుమారు 80 శాతంలో ఏపీసీ అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. సుమారు 40 శాతంలో కేరాస్ జన్యువు మారి ఉంటుంది. కేరాస్, పీఐ3కే అనే సంకేత మార్గాలు అదుపు తప్పితే కణంలో కొవ్వు తయారీకి సంబంధించిన జన్యువులన్నిటినీ నడిపే ప్రధాన మీట పైకి లేస్తుంది. 2015లో అంతర్జాతీయ పరిశోధక బృందం పెద్దపేగు క్యాన్సర్లను జన్యువుల పనితీరు బట్టి నాలుగు రకాలుగా విడదీసింది. అందులో మూడోది, సుమారు 13 శాతం గడ్డలున్న రకం, జీవక్రియ అస్తవ్యస్తం కావడమే ప్రధాన లక్షణంగా ఉన్నది. కేరాస్ మార్పులు అందులో ఎక్కువ. అంటే అన్ని పెద్దపేగు క్యాన్సర్లూ కొవ్వు మీద ఒకే స్థాయిలో ఆధారపడవు. ‘కొవ్వును ఆపే మందు క్యాన్సర్‌కు విరుగుడు’ అని ఎక్కడైనా చదివితే, ఏ రకానికి అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి.

గానుగను ఆపేస్తే సరిపోదా? ముప్పై ఏళ్లుగా పరిశోధకులు చేస్తున్న ప్రయత్నం అదే. మొదట్లో వచ్చిన సీ75 అనే పదార్థం ఎంజైమ్‌ను ఆపింది కానీ ఎలుకలు తిండి మానేసి విపరీతంగా చిక్కిపోయాయి. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ కూడా ప్రయోగశాలలో ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అయితే మింగిన మందు పేగు దాటి రక్తంలోకి దాదాపుగా వెళ్లదు. తర్వాత టీవీబీ-2640 అనే మందు వచ్చింది, ఇప్పుడు దాన్ని డెనిఫాన్‌స్టాట్ అంటున్నారు. మనుషుల మీద క్లినికల్ పరీక్షల దాకా వచ్చిన ఈ తరగతి మందుల్లో ఇది మొదటిది. క్యాన్సర్‌కూ, ఫ్యాటీ లివర్‌కూ దీన్ని పరీక్షిస్తున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే మామూలు చికిత్సలో మాత్రం ఇది ఇంకా చేరలేదు.

ఎందుకు ఇంత కష్టమవుతోందో 2020లో అమెరికాలోని కెంటకీ పరిశోధకులు ప్రచురించిన పని చూస్తే తెలుస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఫ్యాటీ యాసిడ్ సింథేజ్‌ను ఆపినప్పుడు ఆ కణాలు సీడీ36 అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేసుకున్నాయి. సీడీ36 బయటి కొవ్వును లోపలికి తెచ్చే ద్వారం. గానుగ ఆగితే కణం అంగడి దారి పట్టిందన్నమాట. ఒక్క దారిని మూసే మందు ఒంటరిగా ఎందుకు నిలవలేకపోతోందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కర్లేదు. మందులు వస్తే జంటగా రావాలి.

అంగడి మరీ దగ్గరలోనే ఉండటం పెద్దపేగు గడ్డకు కలిసొచ్చిన విషయం. పొట్టలో పేగుల చుట్టూ కొవ్వు పరుచుకుని ఉంటుంది. గడ్డ పేగు గోడను దాటిందంటే నేరుగా ఆ కొవ్వు కణాల మధ్యకు చేరుతుంది. ఆ కొవ్వు కణాలు తమ నిల్వను కరిగించి ఫ్యాటీ యాసిడ్లను వదులుతాయి, క్యాన్సర్ కణాలు వాటిని మైటోకాండ్రియాలో మండించి శక్తి తెచ్చుకుంటాయి. లెక్క చూస్తే ఇది లాభసాటి బేరం: కణం శక్తిని ఖర్చు పెట్టుకునే నాణెం ఏటీపీ అనుకుంటే, ఒక గ్లూకోజ్ అణువును పూర్తిగా మండిస్తే 30 నుంచి 32 ఏటీపీలు, ఒక పామిటిక్ ఆమ్ల అణువును మండిస్తే 106.

ఇది చికిత్సకూ అడ్డం వస్తుంది. బెవాసిజుమాబ్ లాంటి మందులు గడ్డకు కొత్త రక్తనాళాలు రాకుండా చేస్తాయి. 2018లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో, కొవ్వు పక్కన పెరుగుతున్న గడ్డలు ఈ తరహా మందులకు లొంగలేదు. రక్తం తగ్గి గ్లూకోజ్ అందకపోయేసరికి పక్కనున్న కొవ్వును మండించడానికి మారిపోయాయి. కొవ్వును మైటోకాండ్రియాలోకి పంపే సీపీటీ1 అనే ఎంజైమ్‌ను కూడా ఆపినప్పుడు మందు మళ్లీ పనిచేసింది. అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన మరో పరిశోధన పెద్దపేగు క్యాన్సర్ కణాల్లోని కొవ్వు బిందువుల గురించి చెప్పింది. ఆ బిందువులు ఎక్కువగా ఉన్న కణాలు 5-ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్ కీమోను తట్టుకుని నిలబడ్డాయి. దెబ్బతిన్న కణం బయటికి పంపే సంకేతాన్ని కూడా ఆ బిందువులు అణచివేస్తాయి. దాంతో రోగనిరోధక వ్యవస్థకు శత్రువు కనబడదు. తిరుపతిలో, వేలూరులో, ఎక్కడైనా పెద్దపేగు క్యాన్సర్‌కు ఎక్కువగా ఎక్కించే కీమో ఈ రెండు మందులతో కూడినదే. అందుకే ఈ పరిశోధన కాగితాలకే పరిమితమైనది అనుకోవడానికి లేదు.

క్యాన్సర్ కణానికి కొవ్వు బలమే కాదు, బలహీనత కూడా. నూనె పాతబడితే కనరు వాసన వస్తుంది, ఆక్సిజన్ తగిలి దానిలోని కొవ్వు చెడిపోవడమే అందుకు కారణం. కణం పొరల్లోని కొవ్వు కూడా ఇనుము సమక్షంలో అలాగే చెడిపోతుంది. హద్దు దాటితే కణం చచ్చిపోతుంది. ఈ తరహా కణ మరణానికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. తేలిగ్గా చెడిపోయేవి ఒమేగా-6, ఒమేగా-3 లాంటి బహుళ అసంతృప్త కొవ్వులు. ఒలియిక్ ఆమ్లం అంత తేలిగ్గా చెడదు. గడ్డ తన పొరల్లో ఒలియిక్ ఆమ్లాన్ని నింపుకోవడం ఒక రకంగా రక్షణ కవచం తొడుక్కోవడమే. ఆ కవచాన్ని తీసేసి కణాన్ని లోపలి నుంచే చెడగొట్టవచ్చా అన్నది ఇప్పుడు ప్రయోగశాలల్లో చాలా ఉత్సాహంగా సాగుతున్న పని. చెనిక్కాయల నూనెలో దాదాపు సగం ఒలియిక్ ఆమ్లమే కదా, దాన్ని మానేయాలా అన్న అనుమానం ఇక్కడ రావడం సహజం. అక్కర్లేదు. గడ్డ దాన్ని సొంతంగా తయారు చేసుకోగలదు. వంటనూనె మార్చితే మనిషిలోని గడ్డ పొరలు మారి చికిత్స ఫలిస్తుందని చూపిన పరీక్ష ఏదీ చికిత్సా విధానంలోకి రాలేదు.

ఇంతవరకు చెప్పింది గడ్డ ఏర్పడ్డాక జరిగే కథ. గడ్డ రాకముందు పళ్లెం పాత్ర చాలా పెద్దది.

కొవ్వు తిన్నప్పుడు దాన్ని అరిగించడానికి కాలేయం పైత్యరసాన్ని వదులుతుంది. అందులోని ఆమ్లాల్లో 95 శాతం చిన్నపేగు చివర్లో తిరిగి రక్తంలోకి వెళ్లిపోతాయి, మిగిలిన కొద్దిపాటి పెద్దపేగులోకి జారుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇది పేగు గోడను రాపిడి పెట్టినట్టు గాయపరుస్తూ ఉంటుంది. రోజూ ఎక్కువ కొవ్వు తింటే రోజూ ఎక్కువ పైత్యరసం, ఏళ్ల తరబడి ఎక్కువ గాయం. దీనికి ఎదురుగా పనిచేసేది కూడా ఒక కొవ్వు ఆమ్లమే కావడం ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. పీచు పెద్దపేగుకు చేరినప్పుడు బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే నాలుగు కార్బన్ల చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తుంది. పెద్దపేగు కణాలకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దీని నుంచే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణం బ్యుటిరేట్‌ను మండించి బతుకుతుంది. గ్లూకోజ్‌కు అలవాటు పడ్డ క్యాన్సర్ కణం దాన్ని సరిగా మండించలేదు. అది లోపల పేరుకుపోయి కేంద్రకంలోకి చేరి, జన్యువుల మీద పనిచేసి, కణం విడిపోవడాన్ని ఆపుతుంది. ఒకే పదార్థం మంచి కణానికి అన్నం, చెడ్డ కణానికి సంకెల.

దీన్ని మనుషుల్లోనే చూపించిన అధ్యయనం 2015లో వచ్చింది. అమెరికాలోని ఆఫ్రికన్ సంతతివారు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెవాసులు 20 మంది రెండు వారాల పాటు తిండి మార్చుకున్నారు. అమెరికా వాళ్లకు పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న పల్లె తిండి, పల్లె వాళ్లకు కొవ్వు, మాంసం ఎక్కువ ఉన్న అమెరికా తిండి పెట్టారు. రెండే వారాల్లో మొదటి బృందంలో బ్యుటిరేట్ పెరిగింది, చెడు పైత్య ఆమ్లాలు తగ్గాయి, పేగు లోపలి వాపు తగ్గింది. రెండో బృందంలో అన్నీ తలకిందులయ్యాయి. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు. కానీ పేగు ఎంత త్వరగా తిండి మాట వింటుందో తెలిసింది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాత తిండిలో ఇందుకు కావలసింది చాలానే ఉంది. 100 గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాముల లోపే. ఉలవలు, చలికాలంలో అనపకాయలు రాగానే ఇంటింటా చేసే పితికిపప్పు, ఆకుకూరలు, రాత్రి మిగిలిన చద్దన్నం, అన్నీ పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత. చల్లారిన అన్నంలో అరగని పిండి కొంత పెరుగుతుంది, అదీ బ్యుటిరేట్‌గా మారుతుంది. సంగటి వారానికి ఒకరోజు ముచ్చటగా మారి, ఆ చోటులోకి పరోటా, బిర్యానీ, బేకరీ సరుకు వచ్చిన ఇళ్లలో పోయింది రుచి ఒక్కటే కాదు. నెయ్యి గురించి కూడా ఒక మాట చెప్పాలి. నెయ్యిలో 3 నుంచి 4 శాతం బ్యుటిరిక్ ఆమ్లం ఉంటుందని, అందుకే అది పెద్దపేగుకు మందని కొందరు చెబుతుంటారు. నెయ్యిలోని బ్యుటిరిక్ ఆమ్లం చిన్నపేగు పైభాగంలోనే రక్తంలోకి వెళ్లిపోతుంది, పెద్దపేగుకు చేరదు. అక్కడ బ్యుటిరేట్ తయారు కావాలంటే పీచే దారి.

పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం మరో పెద్ద కారణం. అధిక బరువుతో ముడిపడిన 13 రకాల క్యాన్సర్లలో పెద్దపేగు క్యాన్సర్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ధ్రువీకరించింది. పొట్ట కొవ్వు ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఇన్సులిన్ పైన చెప్పిన పీఐ3కే మార్గాన్ని తట్టి లేపుతుంది. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకొచ్చిన మనుషులు మన దగ్గర ఎక్కువ. బరువు మెషీన్ వాళ్లకు సరైన కబురు చెప్పదు, నడుము కొలత చెబుతుంది.

ఎలుకల మీద కొవ్వు తిండి పరీక్షలు గందరగోళంగా కనిపిస్తాయి, ఆ గందరగోళమే వీడియోలకు ముడిసరుకు. 2016లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలుకలకు 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే తిండిని 9 నుంచి 14 నెలలు పెట్టారు. పేగులో కొత్త కణాలను పుట్టించే మూల కణాలు పెరిగాయి, గడ్డలు కట్టే గుణం వచ్చింది. 2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు పిండి పదార్థం లేని కీటో తిండి పెడితే ఎలుకల్లో పెద్దపేగు గడ్డలు తగ్గాయి. రెండూ నిజమే. మొదటి దానిలో కొవ్వుతో పాటు పిండి పదార్థమూ ఉంది, ఎలుకలు లావెక్కాయి. రెండో దానిలో కాలేయం తయారు చేసే కీటోన్ అనే పదార్థం పేగు కణాల మీద నేరుగా పనిచేసింది. ‘కొవ్వు మంచిదా, చెడ్డదా’ అన్న ప్రశ్నకు ఈ రెండిటి నుంచీ ఒక్కమాటలో జవాబు లాగడం అన్యాయం.

మనుషుల్లో ఇప్పటికే ఫలితం చూపిన చికిత్స ఒకటి ఈ కొవ్వుల దారిలోనే ఉంది, అదీ చాలా చవకైనది. కణం పొరలోని అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి కాక్స్-2 ఎంజైమ్ ఒక వాపు సంకేతాన్ని తయారు చేస్తుంది, దాని పేరు ప్రోస్టాగ్లాండిన్ ఈ2. పెద్దపేగు గడ్డలకు అది ఎరువు లాంటిది. ఆస్పిరిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచే లించ్ సిండ్రోమ్ వంశపారంపర్యంగా ఉన్నవాళ్లలో రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ పెద్దపేగు క్యాన్సర్‌ను తగ్గించిందని 2011లో తేలింది. 2025లో ఫలితాలు వచ్చిన నార్డిక్ దేశాల పరీక్ష ఇంకా ముందుకు వెళ్లింది. పైన చెప్పిన పీఐ3కే మార్గానికి చెందిన పీఐకే3సీఏ జన్యువులో నిర్ణీత మార్పులున్న రోగులకు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు రోజూ 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. వాళ్లలో 7.7 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 14.1 శాతం మందికి. జన్యు పరీక్ష చేయించి డాక్టరు రాస్తేనే ఇది మందు. ఎవరికి వారే మొదలుపెడితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల మీద కూడా ఇలాంటి ఆశే ఉండేది. కొరియాలో కీమోకు సిమ్వాస్టాటిన్ జోడించి చేసిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు.

నడక మాత్రం నిరాశపరచలేదు. 2025లోనే ప్రచురితమైన మరో పరీక్షలో, పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి మూడేళ్ల పాటు శిక్షకులతో వ్యాయామం, రెండో బృందానికి ఆరోగ్య సమాచారం మాత్రమే. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి బృందంలో 90.3 శాతం, రెండో దానిలో 83.2 శాతం బతికి ఉన్నారు. వాళ్లు పెంచిన వ్యాయామం వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావు గంట నుంచి గంట వరకు చురుగ్గా నడవడంతో సమానం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్లే భక్తులున్న ఊళ్లో ఇది అసాధ్యమైన కోరిక కాదు. ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం మెట్లతో మొదలుపెట్టకూడదు, చదును నేలే సరి.

ఇన్ని మాటల్లోనూ ఒక జాప్యం గురించి చెప్పకపోతే లోపమే. మలంలో రక్తం కనిపిస్తే మొలలనుకుని నాటుమందు, పూతమందు వాడుతూ నెలలు గడిపేయడం ఈ ప్రాంతంలో మామూలు. పేగు గోడ మీద మొలిచే చిన్న పిలక (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో ఆ పిలకను అక్కడికక్కడే తీసేయవచ్చు. రక్తం పడటం, విరోచనం తీరు వారాల తరబడి మారిపోవడం, కారణం తెలియని రక్తహీనత ఉంటే కొలనోస్కోపీ చేయించుకోవాలి. స్విమ్స్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉంది, 2022లో టాటా ట్రస్టులు, తిరుమల తిరుపతి దేవస్థానం చేయూతతో క్యాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది.

ఇక నెయ్యి ఆపేసిన ఆ ఇంటి సంగతి. క్యాన్సర్ వల్ల కండ, కొవ్వు రెండూ కరిగిపోయే స్థితిని కెకెక్సియా అంటారు. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో పెద్దపేగు గడ్డలున్న ఎలుకలకు కీటో తిండి పెట్టారు. గడ్డ నెమ్మదించింది, కానీ ఎలుకలు చిక్కిపోయి ముందే చనిపోయాయి. గడ్డ సైజు తగ్గిందన్న సంతోషం ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇది చాలు. కీమో నడుస్తున్న మనిషికి అరిగినంత తిండి, అందులో కోడిగుడ్డు, పప్పు, పెరుగు, చెనిక్కాయలు, అన్నంలో చెంచా నెయ్యి కూడా ఉండవచ్చు. పేగు కుడిభాగం తీసేసినవాళ్లలో కొందరికి పైత్య ఆమ్లాల వల్ల నీళ్ల విరోచనాలు అవుతాయి, వాళ్లకు కొవ్వు తగ్గించాల్సి వస్తుంది. అది గడ్డకు భయపడి చేసే పని కాదు, అరుగుదల కోసం చేసేది, డాక్టరో డైటీషియనో చెప్పాలి. ప్రతి కీమో సైకిల్‌కు ముందు నర్సు రోగి బరువు చూసేది ఊరికే కాదు. మందు మోతాదును ఎత్తు, బరువు లెక్కగట్టే నిర్ణయిస్తారు. బరువు బాగా పడిపోతే డోసు తగ్గించాల్సి వస్తుంది, ఒక్కోసారి ఆ సైకిలే వాయిదా పడుతుంది.